ఫొటో మూలన మనిషి

"ఈ ఫొటోలు తీసిన అమ్మాయి మనదా, వాళ్లదా? సాయంత్రం ఆమె ఎగ్జిబిషన్ తెరిచేలోపు తేల్చాలి," అన్నాడు చీఫ్ వీరరాఘవరావు.

1996 వేసవి. సైదాబాద్‌లో టైపు ఇన్‌స్టిట్యూట్ బోర్డు వెనక ఉన్న సీక్రెట్ ఆఫీసు. టేబుల్ మీద మూడు బ్లాక్ అండ్ వైట్ ఫొటోలు: బేగంబజార్ గిన్నెల దుకాణం, మూసీ వంతెన, చార్మినార్ దగ్గర గాజుల సందు. మూడింటిలోనూ బండి లాగుతున్న ఒకే హమాలీ. మూడింటి మూలనా సగం తెగిన ఒకే మొహం.

ఒక్కసారి ఎదురుపడి తప్పించుకుపోయిన ఆ మొహాన్ని గుర్తుపట్టి ఏజెంట్ క్రాంతి ఉలిక్కిపడ్డాడు. "పావురం!"

"అవును. విదేశీ ముఠా కొరియర్. మన మనిషిని చంపినవాడు. ఏళ్ల తరబడి వెతికినా మనకు వాడి ఫొటో ఒక్కటి దొరకలేదు. ఈ సుచరితకు మూడు దొరికాయి. ఒకసారైతే అనుకోకుండా పడ్డాడంటాను. మూడుసార్లా?"

"డబుల్ ఏజెంటా సార్?"

"పేపర్లో ఫొటోలు వేయించి ముఠాకి సిగ్నల్స్ పంపుతోందని పైవాళ్ల అనుమానం. తేలకపోయినా ఎత్తేయమన్నారు."

తేలకపోయినా ఎత్తేయడమేమిటి! క్రాంతికి ఒళ్లు మండింది. అయినా ఉద్యోగం ఉద్యోగమే. మధ్యాహ్నానికి ఫ్రేములు కట్టేవాడి వేషంలో, చేతి గడియారంలో ట్రాన్స్‌మిటర్‌తో, మూసీ ఒడ్డున ఉన్న ఎగ్జిబిషన్ హాల్లో మేకులు కొడుతున్నాడు.

సుచరిత సంతోష్‌నగర్ పిల్ల. ఇంట్లో పాలవ్యాపారం. కాటన్ చీర, మెళ్లో కెమెరా, మాటలో తడబాటు లేదు. డబుల్ ఏజెంట్లకు కూడా తడబాటు ఉండదు మరి.

"మేడమ్, ఈ మూలనున్నవాణ్ని కత్తిరిస్తే ఫొటో నీటుగా ఉండేది కదా?"

"నేను కొయ్యను, అన్నా. సందుల తీస్తే సందుల ఉన్నోళ్లు పడ్తరు. నాకు అక్కెరలేనోళ్లను కోసేస్తే గది సందెట్లయితది?"

"ఎవరు వీడు?"

"ఏమో, నాకేం ఎర్క? ఎవరో పడ్డడు."

"ఈ మూడు చోట్లనే ఎందుకు ఎంచుకున్నారు?"

"నేనెక్కడ ఎంచుకున్న? కొండలన్న యాడికి బండి లాగితే గాడికి పోయిన. ఏడాది సంది ఆయన వెనకాలే తిరుగుతున్న."

క్రాంతి చేతిలో సుత్తి ఆగిపోయింది. ఆమె హమాలీ వెనక తిరిగింది. పావురం కూడా హమాలీ వెనకే తిరిగాడు! కొండల్‌కు తెలియకుండా అతని బండి సరుకులో పొట్లాలు పంపుతూ, కాపలాగా నడిచి ఉంటాడు. ఆమె తీయాలనుకున్నది ఒకణ్ని, పడింది ఇద్దరు. అంతే.

కానీ పేపర్లో ఆ ఫొటోలు చూసి ముఠా ఏమనుకుని ఉంటుంది? తన ఆఫీసు అనుకున్నట్టే, ఈమె కావాలనే తీసిందని! మరి ఈమెను, కొండల్‌ను బతకనిస్తుందా?

"కొండల్ ఎక్కడ?"

"వస్తుండు. గింత ఫికరేంది? ఎవరో సేటు నా ఫొటోలు మస్తు నచ్చి కొండలన్నతోని ఇత్తడి బిందె పంపిస్తుండంట."

క్రాంతి పరుగెత్తాడు. గేటు దగ్గర కొండల్ బండి మీంచి బిందెను చంకనెత్తుకుని నవ్వుతూ వస్తున్నాడు. మూతి చుట్టూ లక్కతో సీలు. లోపల టిక్కు టిక్కు.

"ఏంది భాయ్, గుంజుకుంటున్నవ్?"

జవాబు చెప్పే టైమెక్కడిది! క్రాంతి బిందెను లాక్కుని ప్రహరీ మీదుగా ఎండిన మూసీలోకి విసిరి, కొండల్‌ను కిందకు తోసి మీద పడ్డాడు. భూమి అదిరింది. హాలు అద్దాలు రాలాయి. ఎదుటి పాన్ డబ్బా దగ్గర ఒక్కడు మాత్రం పేలుడు వైపు కాకుండా హాలు గుమ్మం వైపు చూస్తున్నాడు. ఫొటోల మూలన ఉన్న అదే మొహం.

"చాయ్ చల్లారింది!" క్రాంతి గడియారంలో అరిచాడు. అది పట్టుకోమనే కోడ్. చుట్టూ మఫ్టీలో కాపుకాసిన ఆఫీసు మనుషులు పావురాన్ని అక్కడికక్కడే నేలకరిపించారు.

కొండల్ మెట్ల మీద కూలబడ్డాడు. సంగతంతా విన్న సుచరిత అతని చెయ్యి పట్టుకుని ఏడుస్తోంది. "నా ఫొటోలే నీ పానం మీదికి తెచ్చినయన్నా. నేను మంచిగనే తీసిన అనుకున్న."

క్రాంతి ఆమె మొహంలోకి చూడలేకపోయాడు. గంట క్రితం దాకా ఆమెను ఎత్తేసే ఆర్డరు తన జేబులోనే ఉంది.

చీఫ్ వచ్చాడు. గొంతు సవరించుకున్నాడు. సారీ చెప్పే అలవాటు ఆ ఆఫీసులో లేదు.

"అమ్మా, వీడి ముఠా నాయకుడు ఇంకా ఊళ్లోనే ఉన్నాడు. మా దగ్గర చేరు. వాడి ఫొటో ఒక్కటి తీసిపెట్టు."

సుచరిత కొంగుతో కళ్లు తుడుచుకుంది.

"తీస్త సార్. గని వాడే కావాలని నేను తీస్తే, వాడొక్కడు తప్ప ఊరంత పడ్తది."