తలంబ్రాల ఫోల్డర్

నాగలత నా షాపు మెట్లెక్కేనాటికి నా చేతిలో ఏమేం ఉన్నాయో ముందు చెబుతాను. దమ్మపేట సెంటర్లో ఒక మడిగె. అందులో రెండు పాత మానిటర్లు, దుమ్ము ఊదే బ్లోయర్, స్క్రూడ్రైవర్ల డబ్బా, సీలు విప్పని హార్డ్ డిస్క్ ఒకటి. ఇవి కాక మూడేళ్లలో ఊరు ఇచ్చిన పేరు: ఫార్మాట్ భాస్కర్.

ఇంట్లో పెట్టింది ఉదయ్ భాస్కర్. పేరులో మొదటి మాటను ఊరు మార్చింది. తప్పు ఊరిది కాదు. కంప్యూటర్ నెమ్మదించినా, దానంతటది ఆగిపోయినా, తెర నీలంగా మారినా నేను వేసే మందు ఒక్కటే: మొత్తం తుడిచేసి విండోస్ మళ్లీ ఎక్కించడం. గంటన్నరలో పని అయిపోతుంది. జబ్బేమిటో వెతుకుతూ కూర్చుంటే రోజంతా పోతుంది. వ్యాపారం చేసేవాడు ఏ దారి పడతాడో చెప్పనక్కర్లేదు.

ఆ శ్రావణంలో ఓ మధ్యాహ్నం, వాన కురుస్తుంటే, గొడుగు మడవకుండానే ఒకమ్మాయి లోపలికి వచ్చింది. అమ్మకానికి పెట్టిన కీబోర్డుల మీద చినుకులు రాలాయి.

"ఫార్మాట్ భాస్కర్ అంటే మీరేనా?"

"ఉదయ్ భాస్కర్."

"అవ్, ఆయనే. నిరుడు మా దోస్తు ల్యాప్‌టాప్ ఇచ్చింది మీకు, చార్జింగ్ ఎక్కుతలేదని. మీరు దాని కాలేజీ ప్రాజెక్టు మొత్తం తుడిచిపెట్టిన్రు."

"చార్జింగ్ ఎక్కిందా, లేదా?"

"ఎక్కింది. ఎక్కి ఏం లాభం? లోపల ఏం లేకపాయె."

"అంత తెలిసీ నా దగ్గరికి ఎందుకొచ్చారండీ?"

"సత్తుపల్లి షాపాయన ఊర్ల లేడు. మీరు నాకు రెండో బేరం."

కొనేవాళ్లు సాధారణంగా ఈ సంగతి దాచిపెడతారు. మొహం మీదే చెప్పినందుకు నాకు నచ్చింది.

పేరు నాగలత అని చెప్పింది. అశ్వారావుపేట రోడ్డులో, పామాయిల్ తోటల మధ్య వాళ్ల ఇల్లు. ఇంట్లోనే కూర్చుని పెళ్లి ఆల్బమ్‌లు డిజైన్ చేస్తుంది. ఫొటోలు తీసేది మంగీలాల్ అనే స్టూడియో అతను. తీసినవన్నీ ఆమె కంప్యూటర్లో పోసి, కార్డులు ఖాళీ చేసుకుని ఇంకో పెళ్లికి వెళ్లిపోతాడు.

"పొద్దుగాల నుంచి ఫోల్డర్లన్నీ ఖాళీ చూపిస్తున్నయ్. సిస్టమ్ ఐదు నిమిషాలకోసారి ఆగిపోతుంది." గొడుగు పిడిని గట్టిగా పట్టుకుంది. అంతవరకూ ఉన్న గడుసుతనం గొంతులో లేదు. "తొమ్మిది పెళ్లిళ్లు, భాస్కర్ గారూ. మళ్లీ చేసుకోండని చెప్పలేం కదా."

నేను డబ్బా సర్దుకున్నాను.

"ఒక్క మాట," అంది గుమ్మం దగ్గర. "మా ఇంట్ల ఫార్మాట్ అన్నరంటే చాయ్ కూడా పొయ్యను."

వాళ్లింటికి వెళ్లేసరికి సీపీయూ మెడదాకా యూరియా సంచి తొడిగి ఉంది. వాళ్ల నాన్న చెంచురామయ్య గారు పక్కనే కాపలాగా నిలబడ్డారు.

"ఇదేంటండీ?"

"వైరస్ అంటుంది మా అమ్మాయి. గాలి తగలకుండ కప్పిన," అన్నారాయన.

"నాన్నా, అది గాలిలో రాదని పొద్దున్నించి చెప్తున్న."

"కరోనా వచ్చినప్పుడు కూడా ముందు గట్లనే అన్నరు."

సంచి ఊడదీశాను. కంప్యూటర్ ఆన్ చేసి చూస్తే ఏ ఫోల్డర్ తెరిచినా ఖాళీనే. నాగలత నా భుజం వెనక నిలబడింది. మామూలుగా అయితే నా చెయ్యి అక్కడే ఫార్మాట్ వైపు వెళ్లేది. ఆ రోజు మాత్రం డిస్క్‌లో ఎంత జాగా నిండిందో చూపించే గీత మీద కన్ను పడింది. అది ఎర్రగా, చివరికంటా ఉంది.

"నాగలత గారూ, గోదాంలో బస్తాలు కనబడటం లేదు. కానీ అడుగుపెట్టడానికి చోటు లేదు. అంటే ఏమిటి?"

"ఏంది?"

"సరుకు లోపలే ఉంది. ఎవరో దాని మీద పరదా కప్పారు. ఇది ఫోల్డర్లను దాచిపెట్టే వైరస్. ఫొటోలు పోలేదు."

ఆమె కుర్చీలో కూలబడి, రెండు చేతులతో మొహం మూసుకుంది. తీసేసరికి నవ్వుతోంది. ఆ నవ్వు నా వైపు ఇంకో రెండు క్షణాలు ఉంటే బాగుండునని లెక్క వేసుకున్నాను.

వైరస్ వచ్చిన దారి వెతికాను. యాంటీవైరస్ గడువు పోయిన ఏడాదే ముగిసింది. ఆ తెరిచి ఉన్న తలుపులోంచి ముందు రోజు సాయంత్రం ఒక ఫైలు వచ్చింది. దాని పేరు 'శ్రీను పెళ్లి పత్రిక'. ఎవరో ఐదుసార్లు తెరిచారు.

ఇద్దరం వెనక్కి తిరిగాం. చెంచురామయ్య గారు పైకప్పు వైపు చూస్తున్నారు.

"శ్రీను మా చెల్లె కళావతి కొడుకు," అన్నారు చివరికి. "వాని ఫోన్ల నుంచే వచ్చింది. పత్రిక వస్తే చూడకుంటే ఎట్లుంటది? ఫోన్ల అక్షరాలు కనబడలె. అందుకని దీంట్లకు పంపుకొని తెరిచిన. ఒకసారి నొక్కితే ఏం రాలె."

"అందుకని ఐదుసార్లా?"

"పెళ్లికూతురు పేరు చూద్దామని," అన్నారు ఉక్రోషంగా. "వాన్ని మన నాగలతకు అనుకున్నం గదా! మాకు చెప్పకుండ వేరే సంబంధమెట్ల చేస్తరు? రాత్రి కళావతిని ఫోన్ల కడిగేసి, ఆమె మాట వినకుండనే పెట్టేసిన."

"అనుకున్నది మీరు," అంది నాగలత. "నన్ను అడిగిన్రా?"

తెలిసిన సంగతి నోట్లో ఆగలేదు. చెప్పాను. అది పత్రిక కాదు, పత్రిక వేషంలో వచ్చిన వైరస్. శ్రీను ఫోనులో ఎవరో దూరి అందరికీ పంపిస్తున్నారు. అతనికి పెళ్లీ లేదు, పెళ్లికూతురూ లేదు.

చెంచురామయ్య గారి మొహం వెలిగింది. "అంటే శ్రీను ఖాళీగనే ఉన్నడా!" అంటూ ఫోన్ తీసుకుని వరండాలోకి పరుగుతీశారు.

నా నోటితో నేనే అతన్ని తిరిగి తెచ్చి ఆ ఇంట్లో నిలబెట్టాను. ఇంత చేతకాని బేరం నా జన్మలో చేయలేదు.

పెన్‌డ్రైవ్‌లో నేను తెచ్చుకున్న శుభ్రమైన సిస్టమ్‌తో కంప్యూటర్ నడిపించాను. అలా చేస్తే డిస్క్‌లోని వైరస్ నిద్ర లేవదు. దాచిన ఫోల్డర్లన్నీ వరసగా బయటికి వచ్చాయి. నా కొత్త హార్డ్ డిస్క్ తగిలించి ఒక్కో పెళ్లినీ అందులోకి దింపడం మొదలుపెట్టాను. మధ్యమధ్య సిస్టమ్ ఆగినప్పుడల్లా మళ్లీ నడిపిస్తూ ఎనిమిది పెళ్లిళ్లు క్షేమంగా దింపాను. తొమ్మిదోది ములకలపల్లిది. నాగలత చాయ్ పెట్టడానికి లోపలికి వెళ్లింది. వరండాలోంచి "మన శ్రీను, మన శ్రీను" అని వినిపిస్తోంది.

ఆ ధ్యాసలో కాపీ నొక్కాల్సిన చోట కట్ నొక్కాను.

కాపీ చేస్తే అసలు సరుకు ఉన్నచోటే ఉండి నకలు వస్తుంది. కట్ చేస్తే సరుకే బండెక్కి తరలిపోతుంది. దారిలో బండి బోల్తా పడితే అక్కడా ఉండదు, ఇక్కడా ఉండదు. సరిగ్గా సగం దారిలో సిస్టమ్ టప్‌మని ఆగిపోయింది. అప్పుడు పక్క రేకు విప్పి చూశాను. ఫ్యాన్ రెక్కల మధ్య దుమ్ము మెత్తని పరుపులా పేరుకుపోయింది. వేడికే ఆగిపోతోంది. మొదటే విప్పి చూడాల్సింది.

బ్లోయర్‌తో ఊది మళ్లీ నడిపించాను. తలంబ్రాల ఫోల్డర్లో నలభై ఒక్క ఫొటోలు పాడయ్యాయి. పైన పెళ్లికొడుకు తలపాగా, కింద అంతా బూడిదరంగు.

ఎవరూ చూడలేదు. 'వైరస్ తినేసింది' అంటే చాలు, ఇంటిల్లిపాదీ నమ్ముతారు. చెంచురామయ్య గారు తన తప్పేనని కుమిలిపోతూ ఇంకాస్త గౌరవంగా చూస్తారు. మూడేళ్లుగా ఇలాంటివెన్నో వైరస్ మీద తోసేసినవాణ్ణి.

నాగలత చాయ్ తెచ్చింది. గ్లాసు అందుకోకుండానే చెప్పేశాను.

"నలభై ఒక్క ఫొటోలు పోయాయండీ. వైరస్ వల్ల కాదు. నా వల్ల."

ఆమె కిటికీ దగ్గరికి వెళ్లి నిలబడింది. బయట పామాయిల్ గెలల ట్రాక్టర్ ఒకటి బురదలో మూలుగుతూ పోయేదాకా అలాగే ఉంది.

"చాయ్ చల్లారుతుంది," అంది. తిట్టినా అంత బాధ అనిపించేది కాదు. "ఆదివారం ఇవ్వాలె ఆ ఆల్బమ్. తలంబ్రాలు లేకుండ ఇస్తే మంగీలాలన్న ఇంకెప్పుడూ నాకు పనియ్యడు."

"ఆ పెళ్లికి ఎంతమంది వచ్చి ఉంటారు?"

"ఐదారొందలు. ఎందుకు?"

"అందరి చేతిలో ఫోన్ ఉంటుంది కదండీ. సరుకు మన దగ్గర లేకపోతే, ఊళ్లో వాళ్లందరి దగ్గరా ఉంది."

ఆమె నన్ను మొదటిసారి చూసినట్టు చూసింది.

మర్నాడు పొద్దున్నే నా బండి మీద ములకలపల్లి బయలుదేరాం. మధ్యలో నా ల్యాప్‌టాప్ సంచి, ఆ వెనక నాగలత. అడవి మొదలయ్యేచోట వాన పట్టుకుంది. బస్ షెల్టర్లోకి దూరాం. రేకు కారుతోంది. కారని చోటు ఒక మనిషికే సరిపోతుంది. ల్యాప్‌టాప్ సంచిని అక్కడ పెట్టి ఇద్దరం తడిశాం.

"శ్రీను గారికి ఫొటోలంటే ఇష్టమేనా?" అన్నాను ఏమీ పట్టనట్టు.

"శ్రీను బావకు క్రికెట్ ఇష్టం. నాకు శ్రీను బావ మా ఇంట్ల నుంచి వాళ్లింటికి వాపస్ పోతే మంచిగుంటది," అంది ఆమె ముంగురుల నీళ్లు పిండుకుంటూ. "ఎందుకడిగిన్రు?"

"ఊరికే."

"ఊరికే అడిగే మనిషి కాదు మీరు."

పెళ్లికూతురి తల్లి నిర్మలాదేవి గారికి జరిగింది జరిగినట్టు చెప్పాను. ఆవిడ అక్కడే కూర్చుండిపోయింది. "తలంబ్రాలు పోతే పెళ్లిల ఇంకేం మిగిలినట్టు బాబూ?" అంది. ఆ తర్వాత లేచి, గోడ మీంచి పక్కింటివాళ్లను పిలిచింది. అరగంటలో వాకిలి నిండా ఫోన్లు చేరాయి.

ఒక్కో ఫోనూ వైర్ తగిలించి, ముందు వైరస్ ఉందేమో చూసి, ఆ తర్వాత ఫొటోలు దింపాను. నాగలత తెర మీంచి చూపు తిప్పలేదు.

"కాపీయేనా?"

"కాపీయే."

"మళ్లొకసారి చూడండి."

"రెండు చోట్ల పెడుతున్నానండీ. ఒకటి డిస్క్‌లో, ఒకటి ల్యాప్‌టాప్‌లో."

అరుగు మీద కూర్చున్న ముసలమ్మ ఇదంతా చూస్తూ, "మీ ఇద్దరికీ లగ్గమై ఎన్నాళ్లాయె బిడ్డా?" అని అడిగింది.

నా చేతిలో వైర్ జారింది. నాగలత మాత్రం తడుముకోలేదు. "ఆయన్ని ఇంకా పరీక్ష చేస్తున్న పెద్దమ్మా," అంది. వాకిలంతా నవ్వింది. నేను వంగి వైర్ వెతికాను. అది నా కాళ్ల దగ్గరే ఉన్నా చాలాసేపు దొరకలేదు.

అరవైకి పైగా ఫొటోలు దొరికాయి. అన్నిటికన్నా మంచిది ఆ ముసలమ్మ ఫోనులోనే ఉంది. కొంచెం వంకరగా, ఒక మూల వేలు అడ్డుపడి. పళ్లెం మొత్తం పెళ్లికొడుకు నెత్తిన కుమ్మరిస్తూ పెళ్లికూతురు నోరారా నవ్వుతోంది. మంగీలాల్ తీసిన ఏ ఒక్క ఫొటోలోనూ ఆ అమ్మాయి అలా నవ్వలేదు. నాగలత ఆ ఒక్కదానికే రెండు పేజీలు ఇచ్చింది.

శనివారం వాళ్లింటి కంప్యూటర్ని కుదురుగా సిద్ధం చేశాను. కొత్త యాంటీవైరస్ పెట్టాను. ఫొటోలకు రెండో డిస్క్ పెట్టాను. చెంచురామయ్య గారికి వేరే లాగిన్ ఇచ్చాను. అందులో ఆయన చూడొచ్చు, కొత్తవేవీ ఎక్కించలేరు.

"మరి పత్రిక వస్తే ఎట్ల?" అని నిలదీశారాయన.

"బొట్టు పెట్టి పిలిస్తే వెళ్లండి. ఫైలు పంపితే ముందు వాళ్లకి ఫోన్ చేసి అడగండి."

ఆయన ఆలోచించి తలూపారు. "ఇది అర్థమైంది. ఇన్నాళ్లు ఎవరూ గిట్ల చెప్పలె." తర్వాత గొంతు తగ్గించారు. "కళావతి అసలు సంగతి చెప్పింది. శ్రీనుగాడు పాల్వంచల ఎవరినో చూసుకున్నడట. నాకెట్ల చెప్పాల్నా అని భయపడుతున్నరట."

కీబోర్డు మీద నా వేళ్లు ఆగిపోయాయి. కిటికీ పక్కనున్న నాగలత మాత్రం ఈ వార్త ముందే విన్నట్టుంది.

ఆదివారం ఆల్బమ్ చేతికందగానే నిర్మలాదేవి గారు ఫోన్ చేశారు. కూతురు ఆ రెండు పేజీల దగ్గరే కూర్చుందట. మంగీలాల్ ఇంకో నాలుగు పెళ్లిళ్లు పంపుతానన్నాడు. ఆ సంగతి చెప్పడానికి నాగలత షాపుకి వచ్చింది. ఈసారి గొడుగు బయటే మడిచింది.

"ఒకటి అడుగుత. ఆ రోజు వైరస్ మీద తోసేస్తే నాకు తెలిసేది కాదు. ఎందుకు చెప్పిన్రు?"

"మీ దగ్గర అబద్ధం పెట్టి నెగ్గితే, ఆ తర్వాత రోజూ దానికి కాపలా కాయాలి. మిమ్మల్ని చూడటానికి వచ్చినప్పుడల్లా దాన్ని చూసుకోవాలి. నాకు గిట్టుబాటు కాదు."

"రోజూ రావాలనుకున్నరా?"

"అనుకున్నాను."

"ఇది ప్రేమించిన అని చెప్పడమేనా?"

"నాకు వచ్చినట్టు చెప్పానండీ."

ఆమె కౌంటర్ మీద వేలితో గీతలు గీస్తూ నిలబడింది. నా జీవితంలో ఏ బేరానికీ అంతసేపు ఊపిరి బిగబట్టలేదు.

"నాన్న మెట్ల కింద బండి మీదున్నడు," అంది చివరికి. "మన సంగతి పసిగట్టిండు. మీ అమ్మగారిని ఎప్పుడు కలవాల్నో కనుక్కొని రమ్మన్నడు. నేను అవ్ అంటేనే అడగమన్నడు."

"మరి మీరు..."

"అడుగుతున్న కదా!"

బయట చెంచురామయ్య గారు హారన్ రెండుసార్లు కొట్టారు. ఆమె గుమ్మం దాకా వెళ్లి వెనక్కి తిరిగింది.

"జల్దీ రా. నువ్వే చెప్పు నాన్నకు."

ఆ నాలుగు రోజుల్లో నాకు దక్కినదంతా తిరగేసి చూసుకుంటే తేలింది ఒక్కటే మాట. అది 'నువ్వు'. షట్టర్ కూడా దించకుండా ఆమె వెనకే వెళ్లాను.