ముందు ఏది పెట్టాలె?

నాకు రోత ఎక్కువ. ఎంగిలి చెంచాను వేలితో కూడా ముట్టుకోను. పక్కన ఎవరైనా చప్పరిస్తూ తింటే కంచం వదిలేసి లేచిపోతాను. మా అమ్మ నీలమ్మ దృష్టిలో ఇవన్నీ నా సోకులు. అలాంటి నా నెత్తిన మేనకోడలికి అన్నం తినిపించే పని పడింది.

పూజకు తొమ్మిదేళ్లు. టైఫాయిడ్ తగ్గి మూడు వారాలైనా ఆకలి తిరిగి రాలేదు. పందొమ్మిది కిలోలకు దిగింది. సోమవారంలోపు తనంతట తాను తినకపోతే దవాఖానలో చేర్చుకుని ముక్కులోంచి గొట్టం వేస్తామని డాక్టరు చెప్పాడు. అన్నకూ వదినకూ సెలవుల్లేవు. అందుకే నేను జహీరాబాద్ వచ్చి వాళ్లింట్లో దిగాను.

ఆ శనివారం పొద్దుటి నుంచీ వాన. జ్వరం తర్వాత పూజకు వెలుతురు పడడం లేదని పరదాలు వేసి ఉంచాం. మధ్యాహ్నం రెండింటికే హాలంతా మసక. గోడల చెమ్మ, మూలనున్న అల్లం సంచుల ఘాటు కలిసి ఒకటే వాసన.

పక్కింటి రితేష్ ఒక పెన్‌డ్రైవ్ ఇచ్చాడు. అందులో ఐదు జపాన్ బొమ్మల సినిమాలున్నాయి. చూస్తూ చూస్తూ పిల్ల నాలుగు ముద్దలు మింగుతుందని నా ఆశ.

"ముందు ఏది పెట్టాలె?" అని అడిగాను.

"యుద్ధంది మాత్రం పెట్టకు అక్కా, ఏడుస్తది. లైట్‌హౌస్‌ల పిల్లి కథ మంచిగుంటది."

"తిండి ఎక్కువున్నదేది?"

వాడు నవ్వాడు. "నూడుల్స్ కొట్టు నడిపే పోరిది. జపానోళ్లు బొమ్మల వండినా నోరూరుతది. కాకపోతే అది జర ఆఖరికి చూడున్రి, అది చూసినంక మిగతాయి సప్పగనిపిస్తయి."

వాడు పోగానే అమ్మ స్టీలు గిన్నెతో వచ్చింది. అందులో మూడు అన్నం ముద్దలు. ఒకటి పసుపుది, ఒకటి కుంకుమది, ఒకటి బొగ్గుపొడి కలిపింది. పూజ చుట్టూ తిప్పి దిష్టి తీసింది.

"మూడుసార్లు తూ అను బిడ్డా."

పూజ ఉమ్మింది. ఉమ్మి తీగ సాగి, గడ్డం నుంచి గిన్నె దాకా వేలాడింది. నేను మొహం తిప్పుకున్నాను.

"మూడు తొవ్వల కాడ పారేసి రా, శోభా. ఎనక్కి మల్లి సూడకు," అంది అమ్మ.

వరండాలోకి వచ్చాను. మోరీ పొంగి వీధంతా నల్లటి నీళ్లు. నీళ్లలో ఉబ్బిన ఎలుక ఒకటి తేలుతోంది. చేతిలో గిన్నె, ముద్దల మీద నురగ. నా వల్ల కాలేదు. వాన తగ్గాక పారేద్దాంలే అనుకుని గిన్నె మీద మూత పెట్టి, అమ్మ చూడకుండా టీవీ కింది అరలోకి తోసేశాను. కాసేపు వరండాలో నిలబడి, కాళ్లు తడుపుకుని లోపలికి వెళ్లాను.

"మల్లి సూడలే గద?"

"సూడలే."

అమ్మ వెనక గదిలో నడుం వాల్చింది. నేను పిల్లి సినిమా పెట్టి, పెరుగన్నం కలిపి పూజ పక్కన కూర్చున్నాను. పావుగంటైనా నోరు తెరవలేదు. తర్వాత నా చేయి పట్టుకుని గుసగుసగా అంది.

"అత్తా, ఇది వద్దంట."

"ఎవరికి?"

పూజ టీవీ కిందికి చూస్తోంది. "తిండి ఉన్నది పెట్టమంటున్నది."

పిల్లకే ఆకలవుతోందనుకుని సంబరపడ్డాను. వెంటనే నూడుల్స్ సినిమా పెట్టాను. తెర మీద ఆవిర్లు, గుడ్డు పగిలి కారే సొన. ఆ బొమ్మ పిల్ల జుర్రుతూ తింటుంటే వినలేకపోయాను. సౌండు తగ్గించాను.

చప్పుడు తగ్గలేదు.

పూర్తిగా తీసేశాను. తెర మీద ఆ పిల్ల గిన్నె పక్కన పెట్టేసి మంచులో నడుస్తోంది. నమిలే చప్పుడు మాత్రం వస్తూనే ఉంది. చప్... చప్... తడిగా, తీరిగ్గా. పూజ వైపు చూశాను. నోరు మూసే ఉంది.

కరెంటు పోయింది.

పులిసిన అన్నం వాసన. తడి బొగ్గు వాసన. దాని వెనక, కడగని నోటి వాసన... నాలుకతో స్టీలును నాకుతున్న చప్పుడు. లేవబోయాను. పూజ వేళ్లు నా మణికట్టు చుట్టూ బిగిశాయి.

"కదలకు అత్తా... అయిపోవచ్చింది."

కరెంటు వచ్చాక గిన్నె లాగి చూశాను. మూత పెట్టినట్టే ఉంది. లోపల ఒక్క మెతుకు లేదు, తళతళలాడుతోంది. పట్టుకుంటే గోరువెచ్చగా ఉంది. అంచు నుంచి ఉమ్మి తీగ సాగి నా వేలికి అంటింది. బాత్‌రూంలోకి పరిగెత్తి కక్కుకున్నాను.

తిరిగి వచ్చేసరికి పూజ పెరుగన్నం తినేసి కంచం నాకుతోంది.

"ఆకలైతుంది," అంది.

అమ్మ ఏడ్చేసింది, దిష్టి పోయిందని. ఆ పూట పూజ మూడు జొన్నరొట్టెలు తిన్నది. మర్నాడు ఐదు. పక్కన కూర్చుంటే అదే చప్పుడు, తడిగా, తీరిగ్గా. సోమవారం డాక్టరు గొట్టం అక్కర్లేదన్నాడు. బరువు తూచాడు, పద్దెనిమిది. మిషన్ మార్చి తూచినా అంతే. శుక్రవారానికి పదహారున్నర.

ఇక దాచలేక అమ్మకు నిజం చెప్పేశాను. ఆమె తిట్టలేదు. తిట్టి ఉంటే నాకంత భయమేసేది కాదు. వెంటనే మళ్లీ మూడు ముద్దలు కలిపింది. ఈసారి ఎంత వానైనా పారేసి వస్తానని చెప్పులేసుకుని నిలబడ్డాను.

"తూ అను బిడ్డా."

పూజ నా వైపే చూస్తూ నోటినిండా ఉమ్మి చేర్చుకుంది. తర్వాత గుటక వేసి మింగేసింది. ఎన్నిసార్లు అడిగినా అంతే.

పెన్‌డ్రైవ్‌లో చూడని సినిమాలు ఇంకా రెండున్నాయి. ముందు ఏది పెట్టాలో ఇప్పుడు నేను రితేష్‌ని అడగను. పూజ టీవీ కింది ఖాళీ అర దగ్గర చెవి పెట్టి వింటుంది, తలూపుతుంది, పేరు చెబుతుంది. నిన్న మాత్రం చాలాసేపు వింది. వచ్చి నా పక్కన కూర్చుని, నా చేయి తీసుకుని అరచేయి వాసన చూసింది.

"సినిమా వద్దంట అత్తా," అంది.