రెండు గ్రాముల వణుకు

గ్రానైటు బండలతో నిండిన లారీ ఒకటి షెడ్డు గోడను రాసుకున్నట్టే వెళ్ళిపోయింది. హుస్సేనమ్మ చేతిలోని గ్లాసులో టీ మీద కట్టిన మీగడ కూడా కదలలేదు. ఆమె తలెత్తి చూడనైనా లేదు. ముప్పై ఎనిమిదేళ్ళ కిందట రోడ్లతో మొదలై, ఇప్పుడు దేశంలో ఏదీ అదరడం లేదు.

రోడ్ల కింద, పునాదుల కింద, రైలు పట్టాల కింద, చివరికి మంచం కోళ్ళ కింద కూడా కంపహారి ఉంది. బూడిద రంగులో, దోసె మందాన ఉండే పొర అది. అదురు పుట్టిన చోటే దాన్ని మింగేసి గోరువెచ్చని వేడిగా మార్చి వదిలేస్తుంది. వంతెనలు బీటలు వారడం మానేశాయి. నడుస్తున్న రైల్లో కూర్చుని కంటి డాక్టర్లు ఆపరేషన్లు చేస్తున్నారు. జనం నిద్రలో తేలుతున్నట్టు తిరుగుతూ, లోకం ఎప్పుడూ ఇలాగే ఉండేదనుకుంటున్నారు.

హార్స్‌లీ కొండ ఘాట్ రోడ్డు మొదలయ్యే చోట ఉంది ఆమె షెడ్డు. ఆ చుట్టుపక్కల పెద్దవాళ్ళు ఇప్పటికీ దాన్ని ఏనుగు మల్లమ్మ కొండ అనే అంటారు. వచ్చే ఆదివారం ఆ కొండ మీదికి కార్ల పందెం. అందులో పరుగెత్తాల్సిన ‘తేజీ’ ఇప్పుడు లిఫ్టు మీద ఉంది. దాని పొట్ట కింద నిలబడి హుస్సేనమ్మ ఆఖరి బోల్టు విప్పి, పాత డ్రైవ్‌షాఫ్టును రెండు చేతులా దించుకుంది. కారు ముందు భాగంలోని మోటారు బలాన్ని వెనక చక్రాలకు అందించే ఉక్కు గొట్టం అది. మధ్యలో ఒక బేరింగుతో, రెండు ముక్కలుగా ఉంటుంది.

“బరువు బాగానే ఉండాది” అంది, దాన్ని బల్ల మీద పెడుతూ.

“పధ్నాలుగు కిలోలక్కా. ఇది ఐదే” అన్నాడు పరంజ్యోతి, తాను తెచ్చిన పొడవాటి పెట్టె తెరుస్తూ. కంపహారి తయారుచేసే కంపెనీలో అతను ఇంజనీరు. పెట్టెలోంచి నల్లటి గొట్టం బయటికి తీశాడు. బొగ్గు పోగులతో చాప అల్లినట్టు అల్లిన నేతదండం అది. ఒకటే ముక్క. లోపలంతా కంపహారి పూత.

ఈ మార్పు తప్పనిసరి అని హుస్సేనమ్మకూ తెలుసు. తేజీకి ఈ ఏడు కొత్త మోటారు వేశారు. ఆ వేగానికి పొడవాటి ఉక్కు గొట్టం ఆడపిల్లలు ఆడుకునే తాడులా మధ్యలో ఉబ్బి తిరుగుతుంది. అలా తిరిగి తెగిందంటే ముందు కొన రోడ్డులో గుచ్చుకుంటుంది, కారు పల్టీ కొడుతుంది. ఆమె పని నేర్చుకుంటున్న రోజుల్లో ఒక కారు అలా లేవడం కళ్ళారా చూసింది. అందులోంచి ఎవరూ దిగలేదు.

కారు నడపాల్సిన మౌక్తిక గుమ్మంలో నిలబడి ఉంది. ఇరవై ఆరేళ్ళ పిల్ల. పుట్టుకతో చెవుడు. వినికిడి నరమే లేదు కాబట్టి ఈ కాలపు పరికరాలేవీ ఆమెకు పనిచేయలేదు. ఆమె ముక్కు పక్కన వేలు ఆనించి, ఆ చేతినే గుండెకు తాకించింది. ముక్కుపుడక పెట్టుకున్న పెద్దమ్మ అని అర్థం. హుస్సేనమ్మకు ఆమె పెట్టిన పేరది. చేతిభాష ఆమెకు మౌక్తికే నేర్పింది.

“అయిపోయిందా?” అని అడిగింది చేతులతో.

“బిగిస్తే అయిపోతాది. రా, ఈ కొస పట్టుకో” అంది హుస్సేనమ్మ, తనూ చేతులతోనే.

నేతదండం మెత్తగా వెళ్ళి తన చోట కూర్చుంది. హుస్సేనమ్మ రెండు కొసల్లో అటూ ఇటూ వంగే క్రాసు జాయింట్లు బిగించి, కోణం కొలిచి, చేత్తో తిప్పి చూసింది. నీళ్ళలో చేప తిరిగినట్టు తిరిగింది. పరంజ్యోతి తన పరికరం పెట్టి చూశాడు. సున్నా.

“ఇరవై ఏళ్ళక్కా, ఈ సున్నా కోసం” అన్నాడు.

మౌక్తిక కారెక్కి కొండ మీదికి వెళ్ళింది. పదకొండు నిమిషాల్లో రావాల్సింది అరగంటకు వచ్చింది, ఎడ్లబండిలాగా. దిగి, తలుపు వేయకుండానే వచ్చి అరుగు మీద కూర్చుంది. ముఖంలో రక్తం లేదు.

“ఏమైందమ్మా?”

మౌక్తిక చేతులు ఒళ్ళోంచి నెమ్మదిగా లేచాయి.

“కారు చచ్చిపోయింది పెద్దమ్మా. బొమ్మలో కూర్చున్నట్టుండాది. చెట్లు వెనక్కి పోతాండాయి గానీ నేను పోతాండానో లేదో తెలీలేదు. నాలుగో మలుపులో ఎంత వేగంగా ఉండానో తెలీక బ్రేకు తొక్కేసినా.”

హుస్సేనమ్మ ఆ మాటలు పైకి చెప్పింది. పరంజ్యోతి నుదురు ముడిపడింది. “వేగం అద్దం మీదే కనిపిస్తుంది కదా? అంకెలు, రంగులు అన్నీ ఇచ్చినాము.” హుస్సేనమ్మ దాన్ని చేతులతో అందించింది.

“పాట వినేటప్పుడు అంకెలు చూస్తారా అని అడుగు పెద్దమ్మా” అంది మౌక్తిక చేతులతో. ఆ తర్వాత మరీ నెమ్మదిగా చెప్పింది. ఆమె సీటు కింద తిరిగే ఉక్కు గొట్టంలో సన్నని అదురు ఉండేది. మోటారు ఊపిరి, టైరు పట్టు, రోడ్డు గరుకు, అన్నీ అందులోంచే నడుముకు, వెన్నుకు అందేవి. లోకంలో ఆమెకు మిగిలిన చివరి చప్పుడు అది. చిన్నప్పుడు ఇంట్లో ఎవరు నడిచినా అరికాళ్ళకు తెలిసేది. ఆమెకు ఆరేళ్ళప్పుడు ఇంటి కింద కంపహారి పరిచారు. ఆ రోజు నుంచి మనుషులు వెనక నుంచి హఠాత్తుగా ఊడిపడేవాళ్ళు. ఏడాదిపాటు గోడకు వీపు ఆనించి కూర్చుందట.

“మాకెవరూ చెప్పలేదు” అన్నాడు పరంజ్యోతి.

“ఎవురైనా అడిగినారా నాయినా?” అంది హుస్సేనమ్మ. ఆ మాటలో కోపం లేదు.

పాత షాఫ్టు వేస్తే చావు. కొత్తది వేస్తే గుడ్డితనం. హుస్సేనమ్మ ఆ మధ్యాహ్నం అన్నం కూడా తినకుండా, కారు నుంచి మళ్ళీ విప్పిన నేతదండం ముందు కూర్చుంది. దాని రెండు కొసల్లో, సమతూకం కోసం అతికించిన చింతగింజంత లోహపు బిళ్ళలున్నాయి. తన జీవితంలో ఆమె అలాంటి బిళ్ళలు వేలకొద్దీ అతికించింది. ఎక్కడ ఎంత పెడితే అదురు పోతుందో ఆమె వేళ్ళకు తెలుసు. ఎంత తీస్తే అదురు వస్తుందో మాత్రం ఎప్పుడూ ఆలోచించలేదు.

“రెండు గ్రాములు తీస్తా” అంది.

పరంజ్యోతి ఉలిక్కిపడ్డాడు. “అక్కా! బాగున్న దాన్ని చేతులారా చెడగొడతావా?”

“లెక్క చూడు. రెండు గ్రాములకు తెగుతాదా?”

అతను లెక్క చూశాడు. మళ్ళీ చూశాడు. “తెగదు. పది తీసినా తెగదు. కానీ పూత మింగేస్తుంది కదా.”

“ముందు కొసలో జానెడు మేర పూత గీకేస్తా. ఆడనుంచి అదురు గేర్‌పెట్టెలోకి పోతాది. గేర్‌పెట్టెకూ సీటు చట్రానికీ మధ్య ఒక ఉక్కుబద్ద వేస్తే సరి.”

పరంజ్యోతి గుమ్మం దాకా వెళ్ళి కొండవైపు చూశాడు. వెనక్కి వచ్చి చొక్కా చేతులు మడిచాడు. “గీకేది నేను గీకుతాలే అక్కా. ఎంత లోతుందో నాకే తెలుసు” అన్నాడు. గీకుతున్నంతసేపూ అతని పెదవులు బిగుసుకునే ఉన్నాయి.

ఆ సాయంత్రం అన్నీ బిగించాక మౌక్తిక సీట్లో కూర్చుంది. లిఫ్టు మీదే మోటారు తిప్పారు. మొదట ఏమీ లేదు. వేగం పెరిగింది. ఆమె కళ్ళు మూసుకుంది. రెండు అరచేతులూ సీటు అంచుల మీద పెట్టి, తల కొంచెం వంచి, దూరంగా ఎవరో పిలుస్తున్నది వింటున్నట్టు ఉండిపోయింది. మూసిన రెప్పల కింద నుంచి నీళ్ళు జారాయి. వాటిని తుడుచుకోవాలన్న ధ్యాస కూడా ఆమెకు లేదు.

ఆదివారం కొండంతా జనం. కార్లు ఒక్కొక్కటే చప్పుడు లేకుండా, మబ్బు నీడల్లా మలుపులు ఎక్కిపోతున్నాయి. తేజీ వంతు వచ్చింది. హుస్సేనమ్మ కింద తెర ముందు నిలబడి మలుపులు లెక్కపెట్టింది. పదో మలుపు దాకా సమయంలో అందరికంటే ముందుంది. పదకొండో మలుపు ముందు కారు ఉన్నట్టుండి నెమ్మదించింది. జనం ఉసూరుమన్నారు. మలుపు దాటాక మళ్ళీ అందుకుని, రెండో స్థానంలో కొండెక్కింది.

పైన ఉన్న పరంజ్యోతి ఫోన్ చేశాడు. “అక్కా, వెనక ఎడమ టైరు పైపొర కోసుకుపోయింది. మలుపు ముందే వణుకు మారిందంట, కాలు తీసేసింది. మా పరికరం మూడు సెకన్ల తర్వాత చెప్పింది.” కాస్త ఆగి, “మూడు సెకన్లకు ఆమె లోయలో ఉండేది” అన్నాడు.

హుస్సేనమ్మ అక్కడే ఉన్న నూనె డబ్బా మీద కూర్చుంది.

జనం అంతా దిగిపోయినా తేజీ మాత్రం రాలేదు. టైరు మార్చడానికి అంతసేపు పట్టదే అని ఆమె రోడ్డు మీదికి వచ్చి చూసింది. ఎండ వాలుతుండగా కారు కనిపించింది. మనిషి నడకంత వేగంతో, ఒక్కో మలుపూ నిదానంగా దిగుతోంది. పరీక్షల కోసం పెట్టిన పక్క సీట్లో పరంజ్యోతి ఉన్నాడు. అతని గుండె మీద ఏడు నెలల పసివాడు. పందెం చూడటానికి భార్య బిడ్డతో వచ్చిందని, వాడు కొండ మీద ఒకటే ఏడుపని, ఎత్తుకుని ఊరికే కారెక్కానని అతను తర్వాత చెప్పాడు.

కారు ఆమె పక్కకు వచ్చి ఆగబోయింది. పసివాడి కాళ్ళు కదిలాయి, నోరు ఏడుపుకు వంకర తిరిగింది. పరంజ్యోతి కంగారుగా చెయ్యి ఊపాడు. మౌక్తిక చక్రాలను ఆపి, మోటారును మాత్రం తిరగనిచ్చింది. ఉక్కుబద్ద మీదుగా మోటారు అదురు సీటు చట్రంలోకి వస్తోంది, పిల్లి గురకంత. వాడి నోరు మళ్ళీ సడలింది.

“నిద్రపోయినాడక్కా” అన్నాడు పరంజ్యోతి గుసగుసగా. “పుట్టినప్పటి నుంచీ నిద్రమందు ధూపం వేయకుండా కన్ను మూయలేదు. మా వీధిలో పిల్లలందరూ అంతే. ఈ తరం పిల్లలు ఇంతేనంటారు డాక్టర్లు. నేనూ అదే అనుకున్నా.”

హుస్సేనమ్మ వంగి చూసింది. వాడి అరచెయ్యి తెరుచుకుని ఉంది, వేళ్ళు పూరేకుల్లా విడిపోయాయి. వెనక నుంచి పరంజ్యోతి భార్య రంగవల్లి నడిచి వస్తోంది. కొండంతా కారు వెంట నడిచే దిగినట్టుంది, చెప్పులు చేతిలో ఉన్నాయి. వచ్చి అద్దంలోంచి తొంగి చూసి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. భార్యాభర్తలిద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకోలేదు.

“అక్కా” అన్నాడు పరంజ్యోతి, పెదవులు కదిపీ కదపకుండా. “ఆపొద్దు అని చేత్తో ఎట్లా చెప్పాల?”

హుస్సేనమ్మ అరచేతిని చాచి, మెల్లగా ముందుకు జరిపి చూపించింది.

అతను మౌక్తిక వైపు తిరిగి, ఖాళీగా ఉన్న చేత్తో అలాగే చేశాడు. మొదటిసారి తప్పుగా వచ్చింది. రెండోసారి ఆమెకు అర్థమైంది. ఆమె అతణ్ణీ, అతని గుండె మీద పడుకున్న వాణ్ణీ చూసి, తల ఊపి, రోడ్డు వైపు తిరిగింది. తేజీ మదనపల్లె దారిలోకి, చీకటి పడబోతున్న చింతచెట్ల కిందికి, నడక వేగంతో కదిలింది. రంగవల్లి చెప్పులు వేసుకోకుండానే దాని పక్కన నడిచింది.