గాజు గోడ అవతల అక్క

"ఆ దీపాల జోలికి మాత్రం వెళ్ళకు," అన్నాడు చీఫ్.

ఏజెంట్ బల్ల మీదున్న సోలార్ దీపం వంక చూశాడు. అరచేతిలో ఇమిడేంత ఉంది. లోపల ట్రాన్స్‌మిటర్.

"ఒక ట్రావెల్ ఆఫీసువాళ్ళు సఫారీకి వెళ్ళే టూరిస్టులకి గిఫ్టుగా ఇస్తున్నారు. వాళ్ళు ఖడ్గమృగాల దగ్గరికి చేరగానే విదేశీ వేటగాళ్ళ ముఠాకి సిగ్నల్ అందుతుంది. కొమ్ములు కోసుకుపోతారు. చూసినవాళ్ళని ప్రాణాలతో వదలరు."

"అయితే ఇప్పుడే పట్టేద్దాం సార్."

"ఎవణ్ణి? నాయకుడి మొహం ఎవరూ చూడలేదు. ఎయిర్‌పోర్టులో దీపాలు ఆన్ చేసేది వాడే. అందాకా నువ్వు ఆ ట్రావెల్ ఆఫీసులో గుమాస్తావి. అక్కడి మేనేజర్ మేడమ్ ముఠాకీ పనిచేస్తోంది, మనకీ పనిచేస్తోంది."

"అసలు ఎవరి మనిషి?"

"అది తెలిస్తే నాకు నిద్ర పట్టేది."

ఇంట్లోవాళ్ళ దృష్టిలో అతనెప్పుడూ ట్రావెల్ గుమాస్తానే. అదే కొంప ముంచింది. వారం తిరక్కుండా అక్క ఆఫీసుకొచ్చి ఎదురు కుర్చీలో కూర్చుంది. బడిలో సైన్సు చెప్పి రిటైరైన మనిషి.

"ఒరేయ్, కెన్యా, టాంజానియా, మొజాంబిక్ చూసొస్తా. విమానాలు తగ్గించు. మధ్యలో రైళ్ళో బస్సులో చూడు. అక్కడి ఊరివాళ్ళు నడిపే గుడారాల్లోనే దిగుతా. చివర్లో బీచ్. తాబేళ్ళు గుడ్లు పెట్టే చోట జనం తొక్కకూడదు, ముందే చెప్తున్నా."

"ఈ ట్రిప్పు వద్దక్కా."

"ఏం?"

ఏం చెప్తాడు? "ఎండలెక్కువ."

"మీ బావ పోయాక నేను నోరు తెరిచి అడిగింది ఇదొక్కటేరా."

అక్కని ఆపనివ్వమని చీఫ్‌ని బతిమాలాడు. వచ్చినవాళ్ళలో ఒక్కరిని తిప్పి పంపినా ముఠా నాయకుడికి అనుమానం వస్తుందన్నాడు చీఫ్. చేసేది లేక ఆ సఫారీ బృందంలోనే అక్క టికెట్ తన చేత్తో తీశాడు. ఎర్ర స్కార్ఫ్ సవరించుకుంటూ మేడమ్ నవ్వుతూ ఆవిడ చేతిలో దీపం పెడుతుంటే గుడ్లప్పగించి చూశాడు.

ప్రయాణం రోజు అతను పెట్టుడు గడ్డంతో, పోర్టర్ యూనిఫాంలో ఎయిర్‌పోర్టు గాజు గోడకి ఇవతల నిలబడ్డాడు. అవతల టూరిస్టులు, మేడమ్, గైడ్, నేల తుడిచే ఇద్దరు మనుషులు.

గైడ్ అందరి దీపాలూ అడిగి తీసుకున్నాడు. ఛార్జింగ్ చూస్తున్నట్టు ఒక్కోటీ తిప్పి అడుగున నొక్కి ఇచ్చేస్తున్నాడు. నీలం చుక్క వెలుగుతోంది.

వాడే!

"సార్, గైడే నాయకుడు!" కళ్ళజోడులోని మైక్‌లో అరిచాడు. జవాబు లేదు. సరిగ్గా ఇప్పుడే చచ్చింది బ్యాటరీ. అక్కకి ఫోన్ చేశాడు. స్విచ్డ్ ఆఫ్. గాజు మీద దబదబా బాదాడు. అంత గడ్డంలోనూ అక్క తమ్ముణ్ణి గుర్తుపట్టి, సంబరంగా చెయ్యూపింది. సెక్యూరిటీవాడు వెనకనించి కాలర్ పట్టుకున్నాడు. అవతల గేటు మూసేస్తున్నారు. ఏడుపొక్కటే తక్కువ.

అప్పుడు మేడమ్ తీరిగ్గా స్కార్ఫ్ విప్పింది.

నేల తుడిచేవాళ్ళు కర్రలు పారేసి గైడ్ మీద పడ్డారు. బేడీలు పడ్డాయి. మేడమ్ దీపాలన్నీ సంచిలో వేసుకుని, గాజు ఇవతలికి చూసి కన్ను గీటింది. టూరిస్టులు విమానమెక్కేశారు.

కాసేపటికి అతని ఫోన్ మోగింది.

"ఒరేయ్, ఆ గడ్డం అసహ్యంగా ఉంది, తీసెయ్. ఇంకో మాట. మీ కంపెనీలో పని తెలిసినవాడు ఆ గైడ్ ఒక్కడేరా. వాణ్ణే పట్టుకుపోయారు!"