నల్ల టోట్‌లో ఏడో పేరు

"ఈ బ్యాగు చూసినావా అమ్మా యమునా?"

వరదరాజులు కౌంటర్ మీద నల్లటి టోట్ బ్యాగు పెట్టాడు. రెండు పొడుగాటి హ్యాండిళ్లు, పైన జిప్పు, అడుగున నాలుగు ఇత్తడి బుడిపెలు.

మదనపల్లె బస్టాండు ఎదురుగా ఉంది ఆయన బ్యాగుల షాపు. పద్దెనిమిదేళ్లుగా అక్కడ సూట్‌కేసులు అమ్ముతున్న ఈ పెద్దమనిషి ఒక రహస్య విభాగానికి చీఫ్ అని పక్కనున్న చెప్పుల షాపువాడికి కూడా తెలియదు. అతనికి తెలిస్తే ఊరంతటికీ తెలిసినట్టే.

"బాగుంది సార్. ఆఫీసులకు పోయేవాళ్లది," అంది యమున.

"ఊర్లకు పోయేదానికీ ఇదే. లాప్‌టాప్ పడతాది, టిఫిన్ బాక్సు పడతాది, రెండు జతల బట్టలు పడతాయి. ఈ పొద్దు దీన్ని పట్టుకోని కుప్పం దాకా పోవల్ల. ఎట్లుండాదో ఇందులో రాయల్ల."

బ్యాగు మీద ఒక ఫారం పెట్టాడు. పైన 'వినియోగ పరీక్షా నివేదిక' అని ఉంది. పద్నాలుగు కాలమ్స్.

యమునకు ఒళ్లు మండింది. ఎనిమిదేళ్ల సర్వీసు. రెండుసార్లు చావు అంచుదాకా వెళ్లి వచ్చింది.

"నన్ను ఉన్నపళంగా పిలిపించింది సంచి బాగుందో లేదో చూసేదానికా సార్?"

వరదరాజులు లేచి షాపు షట్టర్ సగానికి దించాడు. మళ్లీ కూర్చున్నప్పుడు ఆయన ముఖంలో వ్యాపారి లేడు.

"నిన్న హార్స్‌లీ హిల్స్ మీద మన ట్రైనింగ్ సెంటర్లో ఒక మెమరీ కార్డు పోయింది. వేలిగోరంత ఉంటాది. బయటిదేశాల్లో మారుపేర్లతో ఉండే మన ఏజెంట్లు పదకొండు మంది. వాళ్ల అసలు పేర్లు, అడ్రస్సులు అన్నీ అందులోనే. దొంగిలించింది గ్లాస్‌హౌస్ అనే బయటిదేశం గూఢచారి ముఠా. దానికి తాళం ఉండాది, వాళ్ల దేశంలో వాళ్ల మెషిన్లో పెడితేగానీ తెరుచుకోదు. అందుకే మనిషి చేత పంపిస్తాండారు. ఈడ నుంచి బస్సులో కుప్పం. పన్నెండు ఇరవైకి బెంగుళూరు ట్రైను. సాయంత్రం విమానం."

"పదకొండు పేర్లలో..." అంది యమున.

"ఏడోది మీ తమ్ముడు తేజది."

తంబళ్లపల్లెలో స్కూలు టీచరు కావలసిన వాణ్ణి ఈ ఉద్యోగంలోకి లాగింది తనే. "అక్క చెప్పింది కదా" అని సంతకం పెట్టేశాడు వాడు. అమ్మ కూలికి పోయి వేరుశనక్కాయలు ఒలిచి చదివించిన పిల్లాడు. ఆ కార్డు ఆ మెషిన్లోకి వెళితే వాడికి తెల్లవారదు. చంపేది ఎవరైనా, చంపించింది తనే అవుతుంది.

"చెప్పండి సార్."

"ముఠా లోపల మన డబుల్ ఏజెంటు ఒకామె ఉండాది. నీలిమ. సొంతూరు కుప్పం పక్కన గుడుపల్లె. పుంగనూరులో బస్సెక్కి నీ పక్కన కూర్సుంటాది. కార్డు ఎవరి దగ్గరుందో సూపిస్తాది. అది ఇట్లాంటి నల్ల బ్యాగులోనే పోతాదని సమాచారం ఇచ్చింది ఆమే. నీకూ ఇదే బ్యాగు ఇస్తే వాళ్లలో మనిషి అనుకుంటారని సలహా ఇచ్చిందీ ఆమే. కుప్పం స్టేషన్ గేటు కాడ మన మునికృష్ణ జామకాయలు అమ్మతా ఉంటాడు. నల్ల టోట్ పట్టుకున్న ప్రతి మనిషికీ సోదా ఉంటాది, నీకు తప్ప. ఫోన్ మాత్రం ఈడనే పెట్టిపో, వాళ్లకాడ ఫోన్లు పసిగట్టే మెషిన్ ఉండాది."

"కోడ్?"

"అవతలివాళ్లు 'ఈ సంచిలో ఎన్ని కిలోలు పడతాయి' అంటారు. నువ్వు 'టమాటా అయితే పది, మాట అయితే ఒకటే' అనల్ల."

"మరి ఈ ఫారం?"

వరదరాజులు నిట్టూర్చాడు. "డిపార్ట్‌మెంటు సొమ్ముతో కొన్నాం కదమ్మా. వస్తువు కొంటే ఫారం నింపాల్సిందే. ప్రాణం పోయినా ఫారం పోకూడదంటారు పైవాళ్లు."

*

ఎనిమిదింబావు బస్సు. యమున మెడలో ఏదో కంపెనీ ట్రైనర్ అని ఐడీ కార్డు, బ్యాగులో టిఫిన్ బాక్సు, నీళ్ల బాటిలు, పాత లాప్‌టాప్. ఊరికే కూర్చుంటే తమ్ముడే గుర్తొస్తున్నాడు. అందుకని నిజంగానే ఫారం తీసింది.

భుజానికి ఒరుసుకోవడం లేదు, మంచిదే. కింద పెడితే పడిపోకుండా నాలుగు బుడిపెల మీద నిలబడుతోంది, మంచిదే. నీళ్ల బాటిలు పాకెట్ ఇరుకు. జిప్పు కుడి మూల దగ్గర పట్టేస్తోంది, రెండుసార్లు లాగితేగానీ కదలదు. యమున ఆరో కాలమ్‌లో 'జిప్పు: బాగాలేదు' అని రాసింది. పద్నాలుగో కాలమ్ ఖాళీగా వదిలింది. 'హ్యాండిల్ గరిష్ఠంగా ఎంత బరువు ఆపుతుంది?' కంపెనీ చెప్పింది పన్నెండు కిలోలు. బస్సులో దాన్ని పరీక్షించడం ఎలా?

పుంగనూరులో ఒక స్త్రీ ఎక్కింది. నెమలిపింఛం రంగు చీర, నల్లకళ్లద్దాలు, చేతిలో అచ్చం అలాంటి నల్ల టోట్. బస్సులో సగం తలలు తిరిగాయి. నేరుగా వచ్చి యమున పక్కన కూర్చుంది.

"ఏమక్కా, ఈ సంచిలో ఎన్ని కిలోలు పడతాయి?"

"టమాటా అయితే పది. మాట అయితే ఒకటే."

నీలిమ నవ్వింది. గొంతు తగ్గించి, "ముందర మూడో సీట్లో సఫారీ చొక్కా ఆయన. ఆయప్ప కాళ్లకాడ అట్టపెట్టె ఉండాది సూడు. నల్లబ్యాగు దాంట్లోనే పెట్టుకోనుండాడు. వదిలిపెట్టొద్దు," అంది.

యాస ఎక్కడా తడబడలేదు. యమునకు కొంచెం ధైర్యం వచ్చింది.

పలమనేరులో బస్సు పది నిమిషాలు ఆగింది. సఫారీ చొక్కా అట్టపెట్టెతో సహా దిగాడు. నీలిమ మోచేత్తో పొడిచింది. "పో అక్కా, ఎనకాలే పో. బ్యాగు నేను సూసుకుంటా."

యమున దిగింది. ఆ మనిషి చెరుకురసం తాగాడు. అట్టపెట్టె విప్పి చూసుకున్నాడు. అందులో కొత్త మిక్సీ ఉంది. దాన్ని పసిబిడ్డలా చంకనెత్తుకుని తిరిగి బస్సెక్కాడు.

"అందులో బ్యాగు లేదు," అంది యమున సీట్లో కూర్చుంటూ.

"కార్డు మిక్సీ లోపల ఉంటాది. కుప్పంలో పట్టుకుందాం లే," అంది నీలిమ.

పదకొండు కావస్తుండగా బస్సు వి.కోట చేరింది. అందరూ టీకి దిగుతున్నారు. యమున కూడా లేవబోయింది.

"ఈడ దిగొద్దక్కా," అంది నీలిమ.

"యాల?"

నీలిమ చేతి గడియారం చూసుకుంది.

"పదకొండు అవతా ఉండాది."

యమున కూర్చుండిపోయింది.

యాల అంటే ఎందుకు. ఈ చుట్టుపక్కల మాటలు నేర్చిన పసిపిల్లలు రోజుకు నూరుసార్లు అడిగే మాట అది. గుడుపల్లెలో పుట్టిన మనిషి ఆ మాట వినగానే కారణం చెబుతుంది, టైము చెప్పదు. ఈమె ఇక్కడ పుట్టలేదు. ఈ యాసను ఎక్కడో గదిలో కూర్చుని నేర్చుకుంది. ఊరి పేరు అబద్ధమైతే ఫైలంతా అబద్ధమే. ఈమె మనకోసం వాళ్లలో చేరిన మనిషి కాదు, వాళ్లకోసం మనలో చేరిన మనిషి.

"అవునా, అప్పుడే పదకొండా," అంది యమున. గొంతు మామూలుగానే వచ్చింది. ఎనిమిదేళ్ల సర్వీసు ఊరికే పోలేదు.

నీళ్లు తాగుదామన్నట్టు బ్యాగు ఒళ్లోకి తీసుకుని జిప్పు లాగింది. ఒక్క లాగుకే అది ఈ కొసనుంచి ఆ కొసదాకా జారిపోయింది.

కుడి మూల దగ్గర పట్టలేదు.

ఇది తన బ్యాగు కాదు.

పలమనేరులో పది నిమిషాలు. టిఫిన్ బాక్సు, బాటిలు, లాప్‌టాప్, ఫారం అన్నీ అటునుంచి ఇటు మారాయి. బ్యాగు మారింది. గేటు దగ్గర సోదా లేనిది ఒక్క యమునకే. కాబట్టి కార్డును గేటు దాటించేది యమునే. తమ్ముడి చావును తన భుజానికే తగిలించారు.

ఇప్పుడే పట్టుకుంటే? కార్డు ఈ బ్యాగులో లేకపోతే, ఇంకొకడి దగ్గరుంటే? ముందు అది కంటబడాలి. కానీ నీలిమ పక్కనే ఉంది. ఆమె వేళ్ల మధ్య ఒక వెండిరంగు పెన్ను తిరుగుతోంది. అలాంటి పెన్నులను యమున ట్రైనింగ్‌లో చూసింది. వాటితో ఎవరూ రాయరు. మొనలో సూది, సూదిలో విషం.

యమున ఫారం బయటికి తీసింది.

"ఏందక్కా అది?"

"ఈ బ్యాగు మంచిదో కాదో రాయల్లంట. మా ఆఫీసోళ్ల గోల నీకు తెలవదా?"

నీలిమ నవ్వింది. కళ్లు మాత్రం యమున వేళ్లమీదే ఉన్నాయి.

యమున ఒక్కొక్క కాలమే పైకి చదువుతూ బ్యాగంతా తడిమింది. లోపలి పాకెట్లు మూడు. ఖాళీ. లాప్‌టాప్ అరలో మెత్త. వేలితో నొక్కుతూ పోయింది, ఏమీ తగల్లేదు. లోపలి గుడ్డ, కుట్లు సరిగ్గానే ఉన్నాయి. అడుగు అట్ట ఎత్తి చూసింది. దాని కిందా ఏమీ లేదు. నీలిమ ఊపిరి మారలేదు. బస్సు కుప్పం పొలిమేర దాటింది. పద్నాలుగోది కాక మిగిలింది ఒక్క కాలమ్.

"కింద పెడితే నిలబడతాదా?" అని చదివి బ్యాగును కాళ్ల దగ్గర పెట్టింది.

బ్యాగు ఒక పక్కకు ఊగింది.

పొద్దున తనది స్థిరంగా నిలబడింది. దీనికి ఒక బుడిపె మిగతా మూడింటికన్నా కాస్త ఎత్తు. ఎవరో మర విప్పి, మళ్లీ పూర్తిగా బిగించలేదు. నీలిమ చేతిలో పెన్ను తిరగడం ఆగిపోయింది.

'నిలబడుతుంది' అని రాసింది యమున.

*

పన్నెండు పదిహేడు. స్టేషన్ గేటు దగ్గర మునికృష్ణ గళ్ల లుంగీతో, జామకాయల గంప ముందు కూర్చుని ఉన్నాడు. ట్రైను అప్పటికే ప్లాట్‌ఫారం మీదికి వస్తోంది. నీలిమ యమున నడుము చుట్టూ చెయ్యి వేసి స్నేహితురాలిలా నడుస్తోంది. ఆ చేతిలోనే పెన్ను ఉంది.

"అమ్మా, జామకాయలు తీసుకో. ఆ సంచిలో ఎన్ని కిలోలు పడతాయమ్మా?"

యమున అతని కళ్లలోకి చూసింది.

"టమాటా అయితే పది అప్పా. మాట అయితే రెండు."

మునికృష్ణ ముఖం మారింది. రెండు మాటల మనిషి పక్కనే ఉందని అతనికి అర్థమైంది. అర్థమైంది అతనికొక్కడికే కాదు. నీలిమ యమునను గేటులోంచి ఒక్క తోపు తోసింది. మునికృష్ణ లేచేలోగా బండి దిగిన జనం గేటుకు అడ్డం పడ్డారు.

"తెలివైనదానివే," అంది నీలిమ. యాస మాయమైంది. "బ్యాగు ఇలా ఇవ్వు."

పెన్ను మెరిసింది. యమున బ్యాగు ఎత్తి అడ్డం పెట్టింది. సూది లాప్‌టాప్ అర మెత్తలో దిగి, అక్కడే ఇరుక్కుంది. నీలిమ పెన్ను వదిలేసి ఒక హ్యాండిల్ అందుకుంది. బండి కదిలింది. ఆమె ఎగిరి మెట్టు మీదికి చేరి, తలుపు కడ్డీ పట్టుకుని బ్యాగును లాగింది.

రెండో హ్యాండిల్ యమున చేతిలో ఉంది.

ట్రైను వేగం అందుకుంటోంది. యమున పక్కనే పరిగెత్తింది. చెప్పు ఒకటి ఊడిపోయింది. హ్యాండిల్ అరచేతిని కోస్తోంది. ముందు ప్లాట్‌ఫారం చివర కనబడుతోంది. తెగుతుంది, ఇప్పుడు తెగుతుంది, పన్నెండు కిలోలే దీని లెక్క. "తెగొద్దు తల్లీ," అని సంచిని బతిమాలుకుంది.

ప్లాట్‌ఫారం ఇంకా పదడుగులే ఉంది. యమున పక్కనున్న ఇనుప స్తంభానికి కాలు తన్నిపెట్టి, ఉన్న బలమంతా వెనక్కి వేసింది.

నీలిమ ముందు రెండే దారులు. బ్యాగు వదలాలి, లేదా బండి వదలాలి. ముఠా మనుషులు ఉత్త చేతులతో తిరిగి వెళ్లకూడదు. ఆమె బ్యాగు వదల్లేదు. కడ్డీ మీది చెయ్యి జారింది. నెమలిపింఛం చీర గాల్లోకి లేచి, వెనకే పరిగెత్తుకొచ్చిన మునికృష్ణ మీద పడింది. ఇద్దరూ దొర్లారు. అతను లేచేసరికి నీలిమ చేతులకు బేడీలున్నాయి.

యమున నేలమీదే కూర్చుని బుడిపె తిప్పింది. మూడు చుట్లు. అరచేతిలోకి వేలిగోరంత నల్లకార్డు రాలింది. అందులో పదకొండు పేర్లు, ఏడోది వాడిది. దాన్ని గుప్పిట్లో బిగించి, జనం చూస్తున్నారని కూడా లేకుండా ఏడ్చింది.

"నన్ను ఎక్కడ పట్టేశావు?" అంది నీలిమ. మోకాలు గీసుకుపోయినా కళ్లద్దాలు సర్దుకుంది.

"వి.కోటలో. నేను యాల అంటే నువ్వు టైము చెప్పినావు."

"మా పుస్తకంలో యాల అంటే వేళ అనే ఉంది," అంది నీలిమ. జీవితంలో మొదటిసారి ఆమె నిజం చెప్పినట్టు అనిపించింది.

స్టేషన్ మాస్టర్ గదిలోంచి యమున మదనపల్లెకు ఫోన్ చేసింది. వరదరాజులు అంతా విన్నాడు.

"తేజ బాగుండాడమ్మా," అన్నాడు. "ఇప్పుడే కబురు తెప్పించినా. వాడికి ఏమీ తెలవదు. అన్నం తింటాండాడంట."

"తిననీండి సార్."

"సరే. ఆ ఫారం కూడా చదివేసెయ్యి, పైవాళ్లు అడగతా ఉండారు."

యమున ముక్కు చీదుకుని పద్నాలుగో కాలమ్ నింపింది. 'హ్యాండిల్: యాభై అయిదు కిలోల ఆడమనిషి, పోయే ట్రైను. తెగలేదు.' తర్వాత మొత్తం చదివి వినిపించింది. రోజూ ఆఫీసుకు పనికొస్తుంది. ప్రయాణానికి పనికొస్తుంది. అయిదుకు నాలుగు స్టార్లు.

"ఇంత మంచి సంచికి ఒక స్టారు యాల కోసినావమ్మా?"

యమున చేతి గడియారం చూసుకుంది.

"ఒంటిగంట కావస్తాండాది సార్."