కాశన్న సరిచేసిన చీర

"పండు తీపేనా?"

"తీపే. టెంక మాత్రం పెద్దది."

కోడ్ కలిసింది. బనగానపల్లె బస్టాండులో మామిడి గంప ముందు కూర్చున్న ముసలాయన తలెత్తాడు. తలపాగా, మాసిన పంచె, వారం గడ్డం. ఆయనే ఇంటెలిజెన్స్ చీఫ్ గాబ్రియేలు అంటే కన్నతల్లి కూడా నమ్మదు. చీరల వ్యాపారి వేషంలో ఉన్న ఏజెంట్ హరినాథ్ పండు వాసన చూస్తున్నట్టు వంగాడు.

"ప్రేమజ్యోతి టీచర్‌ని నిన్న లారీ గుద్దింది. ఐసీయూలో ఉంది. స్పృహ లేదు," అన్నాడు గాబ్రియేలు.

హరినాథ్‌కు ఒళ్లు మండింది. "ఆమెకు సెక్యూరిటీ ఇవ్వమని మూడు రిపోర్టులు పంపాను సార్!"

"నాలుగోది పంపు. ఇప్పుడు విను."

విషయం ఇదీ. 'గ్రే హెరాన్' అనే విదేశీ ముఠా ఫ్యాక్టరీల విషాన్ని డ్రమ్ములకెత్తి పేద దేశాల్లో పాతిపెడుతుంది. పెరూలో, కెన్యాలో, ఫిలిప్పీన్స్‌లో దాని వెంటపడింది పోలీసులు కాదు. తమ ఊరి బావినీళ్లు తామే పరీక్షించుకునే మామూలు జనం. ఈ సీమలో ఆ పని ప్రేమజ్యోతిది. చర్చి స్కూల్లో టీచరు. రెండేళ్లు స్కూటీ మీద తిరిగి, పాడుబడ్డ మూడొందల నాపరాతి క్వారీ గుంతల్లో డ్రమ్ములున్న నాలుగింటిని పట్టుకుంది. ఫోన్లు హ్యాక్ అయ్యాయి, లాప్‌టాప్ రెండుసార్లు మాయమైంది. అందుకని నంబర్లను చేనేత చీర అంచులో దాచింది. అంచు పొడవునా మూడొందల పువ్వులు. కొంగు నుంచి లెక్కిస్తే, గుంత నంబరు ఎంతో అన్నో పువ్వులో ఎర్రపోగు ఉండదు.

"గుంతలన్నీ కాంక్రీటుతో పూడుస్తామని ముఠా బినామీ కంపెనీ అర్జీ పెట్టింది. కడపలో ప్రజాభిప్రాయ సేకరణ ఇవాళ పొద్దున పదకొండుకు ముగుస్తుంది. అనుమతి వచ్చిందా, డ్రమ్ములు ఎప్పటికీ అడుగునే ఉండిపోతాయి, నలభై ఊళ్ల బోర్లు గోవిందా. ఆ చీర నేసిన కాశన్న దగ్గర దాన్ని తీసుకుని పో. ఫోన్ వాడకు, అన్నీ వింటున్నారు."

అరగంటలో హరినాథ్ కాశన్న మగ్గం ముందున్నాడు. చీర విప్పి, ల్యాబ్ వాళ్లిచ్చిన స్కానర్ కళ్లజోడుతో అంచంతా చూశాడు. అద్దం మూల అక్షరాలు వెలిగాయి: లోపాలు సున్నా.

"కాశన్నా, తప్పులేవి?"

"సరిజేసినా గదప్పా!" అన్నాడు కాశన్న సంబరంగా. "ఆ టీచరమ్మ నాలుగు పువ్వుల్లో ఎర్రపోగు వదిలేయమనె. వదిలేసినా. ఇంక నాకు కూడు సయించల్యా. నలభై ఏండ్ల మగ్గం నాది. ఎవరన్నా జూస్తే నా పేరేమి గాను? సూదితో పోగులెక్కిచ్చినా. యాడన్నా తెలుస్తాండాదా?"

తెలియడం లేదు. హరినాథ్ ఏడుపంతా అదే.

ఇంతలో గుమ్మంలో హైహీల్స్ చప్పుడైంది. నల్లకళ్లద్దాలు, గంజిపెట్టిన చీర, చేతిలో సైలెన్సర్ పిస్టల్. నాగలత! గ్రే హెరాన్‌లో డిపార్ట్‌మెంట్ రహస్యంగా పెట్టిన మనిషి. ఆమె రిపోర్టులను రెండేళ్లుగా హరినాథే ఢిల్లీకి పంపుతున్నాడు.

"నువ్వా! మా మనిషివనుకున్నానే!"

"వాళ్లూ అలాగే అనుకుంటున్నారు. వాళ్లు కాస్త ఎక్కువ ఇస్తున్నారంతే. ఆ చీర, నీ ఫోను, జీపు తాళం ఇటివ్వు. చంపనులే. శవముంటే కేసుంటుంది. చీర లేని ఏజెంట్ మాట వినేదెవరు?"

మూడూ తీసుకుని ఆమె కారెక్కింది. కారు దుమ్ము రేపుకుంటూ పోయింది. హరినాథ్ మగ్గం గుంజను తన్నాడు. కాలు నొచ్చింది గానీ కోపం తగ్గలేదు.

"రెండేళ్ల కష్టం! ఆ తల్లి చావుబతుకుల్లో ఉంది. నీ పేరు కోసం నలభై ఊళ్ల గొంతు కోశావు కదయ్యా!"

కాశన్న మొహం పాలిపోయింది. కండెలు చుడుతున్న ఆయన భార్య మద్దమ్మ రాట్నం ఆపింది.

"ఏమప్పా, ఊరికే అరుస్తాండావు? తప్పు యాడుండాదో తెలీకుండానే సరిజేసినాడా?"

హరినాథ్ గభాలున కాశన్న వైపు తిరిగాడు.

"పువ్వు పువ్వూ లెక్కబెట్టుకుంటా కుట్టినా," అన్నాడు కాశన్న మెల్లగా. "ఆ నాలుగూ సచ్చేదాకా మరువను."

హరినాథ్, కాశన్న ఇద్దరూ బస్టాండుకు పరిగెత్తారు. గాబ్రియేలు గంపతో సహా మాయం. పని అప్పజెప్పాక అక్కడ నిలబడకూడదని డిపార్ట్‌మెంట్ రూలు! కడప బస్సు ప్రతి ఊళ్లోనూ ఆగింది. ఒకచోట డ్రైవరు దిగి తీరిగ్గా టీ తాగొచ్చాడు. హరినాథ్ అతన్ని ఏమీ అనలేక పళ్లు నూరుకున్నాడు.

పదకొండుకు రెండు నిమిషాలు. సభ జరిగే హాలు మెట్ల మీద ఊళ్ల ఆడవాళ్లు పసుపు రంగు తిరిగిన బోరునీళ్ల సీసాలు పట్టుకుని కూర్చున్నారు. పొద్దుట్నుంచి ఆ సీసాలను చూసిన అధికారి ఒక్కడూ లేడు. లోపల కంపెనీ వాళ్ల మధ్య కూర్చున్న నాగలత హరినాథ్‌ను చూసి నవ్వింది.

"ఇంకెవరూ లేరుగా? ముగిస్తున్నాం," అన్నాడు సభాధికారి, కలం మూత తీస్తూ.

"నేనుండా సామీ!" కాశన్న మైకు పట్టుకున్నాడు. "నేను మగ్గం నేసేవాణ్ని. టీచరమ్మ నన్ను నమ్మి నాలుగు నంబర్లిస్తే చెరిపేసినా. ఇప్పుడు నోటితో జెప్తాండా, రాసుకోండి. గుంత నంబరు పద్దెనిమిది. డెబ్బై ఒకటి. నూట నలభై మూడు. రెండొందల తొమ్మిది. తవ్వి జూడండి. విషం డ్రమ్ములు ల్యాకుంటే నన్ను జైల్లో ఏయండి."

నాగలత నవ్వు ఆగిపోయింది. ఆధారమేదని కంపెనీ లాయరు లేచాడు.

"ఆధారం గుంతలోనే ఉంది సార్," అన్నాడు హరినాథ్, తన ఐడీ కార్డు బల్ల మీద పెట్టి. "తవ్వకుండా సంతకం పెడితే, రేపు డ్రమ్ములు దొరికినప్పుడు అందరూ చూసేది మీ సంతకాన్నే."

అధికారి కలానికి మూత పెట్టేశాడు. అనుమతి ఆగింది.

నాగలత బ్యాగు తీసుకుని బయటికి నడిచింది. మెట్ల మీద ఆడవాళ్లు జరగలేదు. "యాడికి పోతాండావమ్మా? శానా ఎండగా ఉండాది. రోన్ని మా నీళ్లు తాగిపో," అని ఒకామె సీసా చాపింది. హరినాథ్ పిలిపించిన పోలీసులు వచ్చేదాకా నాగలతకు దారి దొరకలేదు.

మధ్యాహ్నానికి పద్దెనిమిదో గుంతలో మొదటి డ్రమ్ము బయటపడింది. సాయంత్రం ప్రేమజ్యోతి కళ్లు తెరిచింది. సంతోషిస్తుందని హరినాథ్ ఆసుపత్రికి పరుగున వెళ్లి చెప్పాడు.

"నాలుగే కదా సార్," అందామె నీరసంగా. "ఆలూరు పక్క గుంతలు ఇంకా చూడనే ల్యా."

హరినాథ్ తల పట్టుకున్నాడు. అప్పుడే స్టేషన్ నుంచి కానిస్టేబుల్ వచ్చాడు.

"సార్, కాశన్న వాంగ్మూలం మీద సంతకం పెట్టడం లేదు. 'లోపాలున్న చీర నేసితిని' అన్న వాక్యం కొట్టేస్తేనే పెడతాడట."