ముప్పై దాటని అంకె

జూన్ పదకొండు. ఉదయం తొమ్మిది ఇరవై. లిఫ్ట్ గుంట అడుగున గుమాస్తా శవం.

ఐదో అంతస్తులో తలుపు తెరుచుకుంది. లిఫ్ట్ మాత్రం రాలేదు. అతను చూసుకోకుండా అడుగు వేశాడు.

తలుపు లాక్ అరిగిపోయిందని ఇన్‌స్పెక్టర్ చూడగానే గ్రహించింది. కింద గోడమీది స్క్రీన్ మాత్రం ధీమాగా ఉంది: "సర్వీస్ జరిగి 4 రోజులు."

లిఫ్ట్ మెకానిక్ పరాయివాడు కాదు, చనిపోయినవాడి బావమరిది. మెకానిక్ అక్క, అంటే చనిపోయినవాడి భార్య, బెంచీ మీద కూర్చుంది. ఏడవడం లేదు. తమ్ముడి మొహం చూడటం లేదు.

"కంచే చేను మేసింది మేడమ్," అన్నాడు బిల్డింగ్ మేనేజర్. "రాకుండానే ఫోన్‌లో సర్వీస్ అయిందని నొక్కేశాడు."

ఇన్‌స్పెక్టర్ మెకానిక్ వైపు తిరిగింది. "చివరిసారి ఎప్పుడొచ్చావ్?"

"మార్చి ఏడు."

"తర్వాత?"

"మెసేజ్ రాలేదు మేడమ్. ఇదివరకు నా డైరీ చూసుకుని వచ్చేవాణ్ణి. నలభై ఐదు రోజులు దాటితే కంప్యూటరే పిలుస్తుంది, పిలిస్తేనే రా అన్నారు."

అతని గొంతులో భయం లేదు. అసలేమీ లేదు.

ఇన్‌స్పెక్టర్ మూడు నెలల స్క్రీన్ రికార్డు తెప్పించింది. రెండుసార్లు చదివింది. పదకొండు నలభైకి అందరినీ లిఫ్ట్ ముందుకు పిలిచింది. ఆ స్క్రీన్‌కి కోడ్ రాసిన ప్రోగ్రామర్‌నీ రమ్మంది.

"ప్రతి నెలా ఏడో తేదీన సున్నా. మళ్లీ ఒకటి, రెండు... ముప్పై దాటిన అంకె ఒక్కటీ లేదు. ఎందుకని?"

ప్రోగ్రామర్ స్క్రీన్ వైపు చూశాడు.

"కంప్యూటర్‌లో చివరి సర్వీస్ తేదీ ఎంతుంది?"

అతను ల్యాప్‌టాప్ తెరిచి చూశాడు. "మార్చి ఏడే."

"అక్కణ్ణుంచి ఇవాళ్టికి తేడా?"

"మూడు నెలల నాలుగు రోజులు."

"మరి నీ స్క్రీన్ మీద ఆ మూడు నెలలేవి?"

అతను కోడ్ తెరిచాడు. "కోడ్ తేడాని నెలలుగా, రోజులుగా విడగొట్టి ఇస్తుంది. నేను రోజులే తీసుకున్నాను. నెలలు వదిలేశాను."

"టెస్ట్ చెయ్యలేదా?"

"చేశాను. అన్నీ ఒకే నెలలోని తేదీలతో."

సర్వీస్ జరిగి నిజానికి తొంభై ఆరు రోజులు. స్క్రీన్ మీద నలభై ఐదు ఎన్నడూ రాలేదు, కాబట్టి మెసేజూ పోలేదు. మేనేజర్ చల్లగా గోడ పక్కకు జరిగాడు. ఇన్‌స్పెక్టర్‌కు కోపం రావాల్సింది. రాలేదు. మనసు మొద్దుబారినట్టుంది.

"నువ్వు నొక్కలేదు. ఇంటికెళ్లు," అంది మెకానిక్‌తో.

అతను కదల్లేదు. "ఆ మాట మా అక్కతో మీరే చెప్పండి మేడమ్. నేను చెబితే నమ్మదు."

ఇన్‌స్పెక్టర్ బెంచీ దగ్గరికెళ్లి అంతా చెప్పింది. అక్క చివరిదాకా విన్నది. అప్పుడు మొదటిసారి తమ్ముడి మొహంలోకి చూసింది.

"మీ బావ రోజూ ఎక్కే లిఫ్టేగా. ఎవరో పిలిస్తేగానీ గుర్తు రాదట్రా నీకు?"